బ్యాంకు జీతం స్లిప్పును సెటిల్‌మెంటుతో సరిచూసుకోవడం ఎలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు, పొదిలి... ఏ ఊరి బ్రాంచి వాళ్ళు పలకరించినా అడిగేది తిప్పి తిప్పి ఒకటే, బ్యాంకులకూ ఉద్యోగ సంఘాలకూ కుదిరిన జీతాల ఒప్పందం, అంటే సెటిల్‌మెంటు గురించి. "సెటిల్‌మెంటు ప్రకారం నాకు రావలసింది వస్తోందా?" కొందరు దాన్నే "డీఏ (కరువు భత్యం) 48 శాతం నుంచి 15కి పడిపోయింది, ఇదేం న్యాయం?" అంటారు. ఇంకొందరు "17 శాతం పెంచామన్నారు, నాకంత రాలేదే" అంటారు. ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పేకన్నా లెక్క వేసే పద్ధతి రాసి పెడితే ఎవరి స్లిప్పు వాళ్ళే చూసుకుంటారు. ఒక ఆదివారం పొద్దున, కాఫీ తాగినంత సేపట్లో అయిపోయే పని ఇది.

ఇది ప్రభుత్వ రంగ బ్యాంకుల్లోని క్లర్కులు (ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్లు అంటున్నారు), సబ్‌స్టాఫ్, పార్ట్‌టైం సిబ్బంది కోసం. ఆఫీసర్లకు జాయింట్ నోట్ అని వేరే ఒప్పందం ఉంది. పద్ధతి ఇదే కానీ అంకెలు వేరు, కాబట్టి ఇక్కడి అంకెలను వాళ్ళు వాడుకోకూడదు.

లెక్కలోకి వెళ్ళే ముందు నాలుగు ముక్కలు తెలిస్తే చాలు. బ్యాంకుల తరఫున ఐబీఏ (ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్), ఉద్యోగుల తరఫున ఏఐబీఈఏ, ఎన్‌సీబీఈ, బెఫి వంటి సంఘాలు కూర్చుని జీతాల ఒప్పందం చేసుకోవడం 1966 అక్టోబరు 19 నాటి మొదటి ద్వైపాక్షిక సెటిల్‌మెంటుతో మొదలైంది. ఇప్పుడు నడుస్తున్నది 12వది. సంతకాలు 2024 మార్చి 8న అయ్యాయి, అమలు మాత్రం 2022 నవంబరు 1 నుంచి. గడువు 2027 అక్టోబరు 31. సంఘంలో మీకు సభ్యత్వం ఉన్నా లేకపోయినా ఈ స్కేళ్ళే వర్తిస్తాయి.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఈ నెల జీతం స్లిప్పు. హెచ్ఆర్ పోర్టల్ నుంచి పూర్తి స్లిప్పు తీసుకోండి. ఫోనుకు వచ్చిన "జీతం జమ అయింది" మెసేజి పనికిరాదు.
- మీకు చివరిసారి ఇంక్రిమెంటు వచ్చిన నెల స్లిప్పు.
- 12వ సెటిల్‌మెంటు కాపీ. సంఘం జిల్లా యూనిట్‌లో అడిగితే ఇస్తారు.
- ఈ త్రైమాసికం డీఏ మీద ఐబీఏ పంపిన సర్క్యులర్. బ్రాంచికి వస్తుంది.
- ఎరియర్స్ (వెనకబాకీ) కూడా చూడాలంటే 2022 నవంబరు నుంచి కొత్త స్కేలు వేసిన నెల దాకా పాత స్లిప్పులన్నీ.
- కాగితం, క్యాలిక్యులేటర్.

వాట్సాప్‌లో తిరిగే ఎక్సెల్ షీట్లను మొదట పక్కన పెట్టండి. వాటిలో చాలావరకు ఆఫీసర్ల శాతాలతోనో, ఎప్పటిదో పాత డీఏతోనో ఉంటాయి. మీరు చేత్తో ఒకసారి లెక్క వేసుకున్నాక కావాలంటే వాటితో పోల్చి చూడండి. ముందే షీటు తెరిస్తే అందులో తప్పుంటే పట్టుకోలేరు.

1. ముందుగా మీరు ఏ గడిలో ఉన్నారో చూడండి

క్లర్కులకు, సబ్‌స్టాఫ్‌కు స్కేళ్ళు వేరు. పార్ట్‌టైం స్వీపర్లకు సబ్‌స్టాఫ్ స్కేలులో కొంత భాగం ఇస్తారు. వారానికి 6 గంటలు దాటి 13 గంటల దాకా పని ఉంటే మూడో వంతు, 13 దాటి 19 దాకా సగం, 19 దాటి 29 దాకా ముప్పావు, ఆపైన పూర్తి స్కేలు.

ఈ చివరి సంగతి దగ్గర కాస్త ఆగండి. మెట్టలోనో పల్లెలోనో ఉన్న చిన్న బ్రాంచిలో ఊడ్చే ఆమె స్లిప్పు ఎవరూ తెరిచి చూడరు, ఆమెకు చదవడం రాకపోవచ్చు. మీ లెక్క అయ్యాక ఆమెది కూడా ఒకసారి చూడండి. మూడో వంతు స్కేలులో మొదటి మెట్టు 19,500లో మూడో వంతు, అంటే 6,500. బ్రాంచి జాగా పెరిగి పని గంటలు 13 దాటినా పాత మూడో వంతులోనే ఉండిపోయారంటే అది ఆఫీసుకు రాయవలసిన విషయం. కాంట్రాక్టరు ద్వారానో రోజు కూలి మీదనో వచ్చేవాళ్ళకు మాత్రం ఈ సెటిల్‌మెంటు వర్తించదు.

గ్రామీణ బ్యాంకు వాళ్ళకు ఇంకో మాట. మన నెల్లూరు, ఒంగోలు వైపు ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. వాణిజ్య బ్యాంకులతో సమానంగా జీతాలివ్వాలని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి మీ స్కేళ్ళూ ఇవే. కానీ ఐబీఏ సంతకంతో అవి మీకు నేరుగా వర్తించవు. కేంద్ర ఆర్థిక సేవల శాఖ ఉత్తర్వు వచ్చాకే అమలవుతాయి. కొన్ని అలవెన్సులకు స్పాన్సర్ బ్యాంకు (మీ గ్రామీణ బ్యాంకు వెనకున్న వాణిజ్య బ్యాంకు) రూల్సు చూడాలి.

2. మీ స్టేజి ఎంతో కనుక్కోండి

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. మిగతావన్నీ శాతాలు, వాటిని కంప్యూటరు వేస్తుంది. స్టేజిని, అంటే స్కేలులో మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారన్నదాన్ని, మాత్రం మనిషి ఎక్కించాలి.

క్లర్కుల కొత్త స్కేలు 20 మెట్లు: 24,050 – 25,390 – 26,730 – 28,070 – 29,720 – 31,370 – 33,020 – 35,020 – 37,020 – 39,020 – 41,020 – 43,360 – 45,700 – 48,040 – 50,380 – 52,720 – 55,060 – 57,400 – 61,800 – 64,480.

సబ్‌స్టాఫ్‌కు 19,500తో మొదలై 665 చొప్పున 4 సార్లు, 830 చొప్పున 5, 990 చొప్పున 4, 1,170 చొప్పున 3, 1,345 చొప్పున 3 సార్లు పెరిగి 37,815 దగ్గర ఆగుతుంది.

పాత స్కేలులో ఎన్నో మెట్టు మీద ఉన్నారో కొత్తదాంట్లోనూ అదే మెట్టు మీద పెట్టాలి. పాత క్లర్కు స్కేలు 17,900తో మొదలయ్యేది. మొదట 1,000 చొప్పున 3 ఇంక్రిమెంట్లు, తర్వాత 1,230 చొప్పున 3, 1,490 చొప్పున 4, 1,730 చొప్పున 7, చివర 3,270 ఒకటి, 1,990 ఒకటి. 2022 అక్టోబరు స్లిప్పులో మీ బేసిక్ 24,590 ఉందనుకోండి. లెక్కపెడితే అది ఏడో మెట్టు. కొత్త స్కేలులో ఏడోది 33,020. నవంబరు నుంచి అదే ఉండాలి. 31,370 కనిపిస్తే ఒక మెట్టు కిందికి దించారన్నమాట.

స్లిప్పులో ఉన్న బేసిక్ పై వరుసలో ఎక్కడా లేని అంకె అయితే గాబరా పడకండి. స్కేలు చివరికి చేరాక వచ్చే స్టాగ్నేషన్ ఇంక్రిమెంటో, స్పెషల్ పేనో అందులో కలిపి చూపించి ఉండొచ్చు. వాటిని విడదీసి మళ్ళీ చూడండి.

3. డిగ్రీ, జేఏఐఐబీ, సీఏఐఐబీ ఇంక్రిమెంట్లు

పట్టభద్రులకు రెండు ఇంక్రిమెంట్లు. బ్యాంకు ఉద్యోగులు రాసే వృత్తి పరీక్షల్లో జేఏఐఐబీ పాసైతే ఒకటి, సీఏఐఐబీకి మరో రెండు. ఎస్‌బీఐ జూనియర్ అసోసియేట్ల ప్రకటనలో మొదటి బేసిక్ 26,730 అని ఉండేది ఇందుకే. 24,050 మీద రెండు మెట్లు ఎక్కించి చెబుతారు.

చూడవలసింది ఇంక్రిమెంటు వచ్చిందా లేదా అన్నది మాత్రమే కాదు, ఏ తేదీ నుంచి వేశారన్నది కూడా. సర్టిఫికెట్ ఇచ్చి ఊరుకోకండి. ఇచ్చినట్టు అక్నాలెడ్జిమెంటు తీసుకోండి, పోర్టల్లో ఎక్కించిన రోజు స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. బదిలీ సమయంలో ఈ కాగితాలే ఎక్కువగా తప్పిపోతాయి. ఒంగోలులో ఇచ్చానంటారు, నెల్లూరులో రాలేదంటారు. స్కేలు చివరికి చేరిన వాళ్ళకు ఇంక్రిమెంటు బదులు పీక్యూపీ (ప్రొఫెషనల్ క్వాలిఫికేషన్ పే) అని వేరే పద్దు కింద వస్తుంది, అది ఉందో లేదో చూసుకోండి.

ఏటా వచ్చే ఇంక్రిమెంటు మీరు చేరిన నెల ఒకటో తారీఖున పడుతుంది. లాస్ ఆఫ్ పే (జీతం లేని సెలవు) ఎక్కువ పెట్టి ఉంటే అది వెనక్కి జరగొచ్చు.

4. స్పెషల్ అలవెన్స్

బేసిక్ మీద 26.5 శాతం. 11వ సెటిల్‌మెంటులో 16.4 శాతం ఉండేది. దీని మీద కూడా డీఏ వస్తుంది. కానీ పెన్షన్, ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం), పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కల్లోకి ఇది రాదు, దీని మీద వచ్చే డీఏ కూడా రాదు. ఈ సంగతి ఎరియర్స్ దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

5. డీఏ

మూడు నెలలకోసారి మారుతుంది. నవంబరు, ఫిబ్రవరి, మే, ఆగస్టు జీతాల్లో కొత్త శాతం కనిపించాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల డీఏ ఏడాదికి రెండుసార్లు మారుతుంది, దాని సూత్రం వేరు. పోస్టాఫీసులో పనిచేసే బావమరిది డీఏతో మీది పోల్చుకోకండి.

లెక్క ఇలా వేయాలి. లేబర్ బ్యూరో ప్రతినెలా పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ ప్రకటిస్తుంది. 2016ను 100గా తీసుకున్న సిరీస్ అది. మూడు నెలల సూచీల సగటులోంచి 123.03 తీసేస్తే మిగిలేదే మీ డీఏ శాతం. అంతే.

ఏ జీతానికి ఏ నెలలు:
- ఫిబ్రవరి–ఏప్రిల్ జీతాలకు అంతకుముందు అక్టోబరు–డిసెంబరు
- మే–జులై జీతాలకు జనవరి–మార్చి
- ఆగస్టు–అక్టోబరు జీతాలకు ఏప్రిల్–జూన్
- నవంబరు–జనవరి జీతాలకు జులై–సెప్టెంబరు

ఉదాహరణకు 2024 జనవరి సూచీ 138.9, ఫిబ్రవరి 139.2, మార్చి 138.9. సగటు 139.00. అందులోంచి 123.03 తీస్తే 15.97. ఆ ఏడాది మే, జూన్, జులై జీతాల్లో డీఏ 15.97 శాతం. మీ లెక్కకూ ఐబీఏ సర్క్యులర్‌కూ 0.01 తేడా వస్తే సర్క్యులర్ అంకెనే తీసుకోండి. అది సగటును సరిచేసేటప్పుడు వచ్చే తేడా, దాని కోసం గొడవ అక్కర్లేదు.

ఈ సూచీ కోసం దేశంలో ధరలు సేకరించే 88 కేంద్రాల్లో నెల్లూరు ఒకటి. అయినా డీఏకి తీసుకునేది అఖిల భారత సగటే. మన ఊళ్ళో బియ్యం, చేపలు ఎంత పెరిగినా ఆ లెక్క నేరుగా మీ డీఏలో కనిపించదు.

ఇక 48 నుంచి 15కి పడిపోవడం గురించి. పాత సెటిల్‌మెంటులో ఇదే ధరల సూచీ, పాత సిరీస్ లెక్కన, 6,352 పాయింట్లు దాటాక ప్రతి 4 పాయింట్లకు 0.07 శాతం డీఏ వచ్చేది. కొత్త ఒప్పందంలో 8,088 పాయింట్ల దాకా పోగైన డీఏని, అంటే 30.38 శాతాన్ని, బేసిక్‌లో కలిపేశారు. పైన మరో 3 శాతం చేర్చారు. 17,900 కాస్తా 24,050 అయింది అలాగే. ఆ 8,088 పాయింట్లే కొత్త సిరీస్‌లో 123.03. మన వైపు రెండు పుట్ల ధాన్యం అన్నా, 17 క్వింటాళ్ళన్నా బస్తాలు అవే కదా. డీఏ శాతం చిన్నదైంది, అది పడే బేసిక్ పెద్దదైంది. రెండు శాతాలను పక్కపక్కన పెట్టి చూడటం దండగ. రూపాయల్లో చూడండి.

6. హెచ్ఆర్ఏ

ఇంటి అద్దె భత్యం ఇది. బేసిక్ మీద 10.25 శాతం. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద పనిచేసినా, కనిగిరిలో చేసినా, మర్రిపాడులో చేసినా క్లర్కులకు, సబ్‌స్టాఫ్‌కు అదే. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఊరిని బట్టి మారుతుంది కాబట్టి మనకూ అంతే అనుకుంటారు. పల్లె బ్రాంచికి బదిలీ అయ్యాక హెచ్ఆర్ఏ శాతం తగ్గితే అడగండి.

ఇక్కడ జరిగే పొరపాటు: బేసిక్, స్పెషల్ అలవెన్స్ కలిపి దాని మీద 10.25 వేసి, "తక్కువిచ్చారు" అనుకోవడం. స్పెషల్ అలవెన్స్ మీద హెచ్ఆర్ఏ రాదు.

7. కలపండి, పోల్చండి

కావలిలో డిగ్రీ ఇంక్రిమెంట్లతో మూడో మెట్టు మీదున్న ఒక క్లర్కు 2024 మే స్లిప్పు ఇలా ఉండాలి:

- బేసిక్: 26,730
- స్పెషల్ అలవెన్స్ 26.5 శాతం: 7,083.45
- ఈ రెండూ కలిపిన 33,813.45 మీద డీఏ 15.97 శాతం: 5,400.01
- హెచ్ఆర్ఏ 10.25 శాతం: 2,739.83
- మొత్తం: 41,953.29

దీని పైన ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్, క్యాష్ చూసేవాళ్ళకు స్పెషల్ పే వంటివి విడిగా ఉంటాయి. వాటిని సెటిల్‌మెంటు కాపీలో మీ హోదా పక్కనున్న అంకెతో సరిపోల్చండి.

మీ లెక్కలో రెండు మూడు రూపాయలు తేడా ఉంటే అది రౌండింగు. పదుల్లో ఉంటే డీఏ శాతం పాతది వేశారేమో చూడండి. కొత్త త్రైమాసికం మొదటి నెలలో సర్క్యులర్ ఆలస్యమైతే ఇలా జరుగుతుంది, మరుసటి నెలలో సరిచేస్తారు. వందల్లో, వేలల్లో ఉంటే అది స్టేజి తేడా. మళ్ళీ 2వ అంచెకు వెళ్ళండి.

8. కోతలు

వృత్తి పన్ను మన రాష్ట్రంలో నెల జీతం 20,000 దాటితే 200 రూపాయలు. 15,000 దాటి 20,000 దాకా 150. పార్ట్‌టైం వాళ్ళ స్లిప్పుల్లో ఇది ఒకసారి చూడండి, 15,000 లోపైతే అసలు పట్టకూడదు.

2010 ఏప్రిల్ 1న, ఆ తర్వాత చేరినవాళ్ళకు ఎన్‌పీఎస్. మీ వాటా 10 శాతం, బ్యాంకు వాటా 14 శాతం. రెండూ బేసిక్, దాని మీది డీఏ కలిపిన మొత్తం మీదే. పై ఉదాహరణలో 26,730కి డీఏ 4,268.78 కలిపితే 30,998.78. మీ జీతంలోంచి పోయేది 3,099.88, బ్యాంకు వేసేది 4,339.83. స్లిప్పులో కోత కనిపిస్తే సరిపోదు. ఎన్‌పీఎస్ ఖాతాలో రెండు వాటాలూ జమ అయ్యాయో లేదో అక్కడికి వెళ్ళి చూడండి.

సమ్మె చేసిన రోజుకు జీతం పోతుంది. ఒక్క రోజుకే పోవాలి.

9. ఎరియర్స్ చూసే పద్ధతి

11వ సెటిల్‌మెంటు అమలు 2017 నవంబరు నుంచి, సంతకాలు 2020 నవంబరులో. 12వదానికి 16 నెలలు పట్టింది. 2027 తర్వాత రాబోయేదానికీ ఏదో ఒక వెనకబాకీ ఉంటుంది. కాబట్టి ఇది నేర్చుకుని ఉంచుకోండి.

ప్రతి త్రైమాసికానికి కొత్త మొత్తం, పాత మొత్తం విడివిడిగా వేసి తీసివేయాలి. ఒక నెల తేడా చూసి దాన్ని 16తో గుణించడం తప్పు. డీఏ, ఇంక్రిమెంటు రెండూ మధ్యలో మారతాయి.

పై క్లర్కునే 2022 నవంబరు నెలకు తీసుకుందాం. అప్పటి కొత్త డీఏ 7.44 శాతం, పాత లెక్కలో 38.92 శాతం.

- కొత్తది: 33,813.45 మీద డీఏ కలిపితే 36,329.17. హెచ్ఆర్ఏతో 39,069.00.
- పాతది: బేసిక్ 19,900, స్పెషల్ అలవెన్స్ 3,263.60. డీఏ కలిపితే 32,178.87. హెచ్ఆర్ఏ 2,039.75తో 34,218.62.
- ఆ నెల బాకీ: 4,850.38.

పెరుగుదల 14 శాతం చిల్లర. మరి 17 శాతం ఏమైంది? ఆ 17 శాతం ప్రభుత్వ రంగ బ్యాంకులన్నీ 2021–22లో జీతాల మీద పెట్టిన మొత్తం ఖర్చు మీద వేసింది, అంటే ఏడాదికి 12,449 కోట్లు. ఆ డబ్బును అన్ని హోదాలకు, అన్ని పద్దులకు పంచారు. మీ స్లిప్పు అదే 17 శాతం పెరుగుతుందని ఎవరూ రాసివ్వలేదు. పత్రికలో వచ్చిన శాతంతో మీ జీతాన్ని గుణించుకోకండి.

పైన మిగిలిన 4,850ని ముక్కలు చేసి చూడండి. బేసిక్, దాని డీఏ వల్ల వచ్చింది 1,073.63 మాత్రమే. స్పెషల్ అలవెన్స్, దాని డీఏ వల్ల 3,076.67. హెచ్ఆర్ఏ 700.08. అంటే చేతికొచ్చిన పెంపులో రిటైర్మెంటు లెక్కకు పనికొచ్చేది నాలుగో వంతు కూడా లేదు. "ఎన్‌పీఎస్ ఎందుకింత తక్కువ పట్టారు?" అని అడిగేవాళ్ళకు జవాబు ఇదే. పట్టిన లెక్క సరైనదే. ఒప్పందమే అలా ఉంది. నన్నడిగితే 12వ సెటిల్‌మెంటులో గట్టిగా ప్రశ్నించవలసింది ఈ స్పెషల్ అలవెన్స్ పద్దునే. డీఏ శాతం మీద పెట్టుకున్న టెన్షన్‌లో సగం దీని మీద పెట్టినా, తర్వాతి చర్చల్లో మాట్లాడటానికి సంఘాలకు బలం వచ్చేది.

ఎరియర్స్‌లోంచి పోయేవి: ఎన్‌పీఎస్ లేదా పీఎఫ్, ఆదాయపు పన్ను, సంఘం లెవీ (ఎరియర్స్ నుంచి సంఘం తీసుకునే చందా). లెవీ గురించి ముందే సర్క్యులర్ వస్తుంది. మీకు ఇష్టం లేకపోతే గడువులోపు రాతపూర్వకంగా చెప్పాలి, డబ్బు పోయాక కాదు.

పన్ను దగ్గర జాగ్రత్త. పాత ఏళ్ళ బాకీ ఒకే ఏడాదిలో పడితే పన్ను శ్లాబు పెరగొచ్చు. అందుకే 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 89 కింద రిలీఫ్ పెట్టారు. 2026 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 2025 నాటి కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఆ తర్వాత పడే బాకీకి సెక్షన్, ఫారం నంబర్లు కొత్తవి చూసుకోండి. పాత చట్టం కింద దాని కోసం ఫారం 10ఈని ఈ-ఫైలింగ్ పోర్టల్లో రిటర్నుకన్నా ముందే దాఖలు చేయాలి. రిటర్నులో రిలీఫ్ చూపించి 10ఈ మరిచిపోయినవాళ్ళకు నోటీసు వచ్చి రిలీఫ్ కొట్టేస్తారు. రెండు పన్ను విధానాల్లోనూ లెక్క వేసి చూడండి. రిలీఫ్ సున్నా వచ్చినా ఆశ్చర్యపోకండి, శ్లాబు మారకపోతే రిలీఫ్ ఉండదు.

2022 నవంబరు తర్వాత, కొత్త జీతాలు వేయకముందే రిటైరైనవాళ్ళు ఉంటే వాళ్ళకు జీతం బాకీతో పాటు గ్రాట్యుటీ, లీవు ఎన్‌క్యాష్‌మెంటు, పెన్షన్ తేడాలు కూడా రావాలి. పాత పెన్షన్ స్కీములో ఉన్నవాళ్ళకు చివరి 10 నెలల సగటు జీతం మీద లెక్క కాబట్టి ఆ 10 నెలలనూ కొత్త స్కేలులో వేశారో లేదో అడగండి. మధ్యలో చనిపోయిన ఉద్యోగుల ఇళ్ళకు ఈ సంగతి తెలియకపోవచ్చు. మీకు తెలిసిన కుటుంబం ఉంటే చెప్పండి.

10. స్లిప్పులో కనిపించనివి

ప్రతి క్యాలెండరు ఏడాదిలో ఏదో ఒక పండగకు 5 రోజుల ప్రివిలేజ్ లీవు డబ్బుగా తీసుకోవచ్చు, 55 ఏళ్ళు దాటితే 7 రోజులు. సంక్రాంతికి తీసుకుంటారా, రంజాన్‌కు తీసుకుంటారా మీ ఇష్టం. అప్లై చేయకపోతే మాత్రం ఆ ఏడాదిది పోయినట్టే. డిసెంబరు 31 రాత్రి గుర్తొచ్చి లాభం లేదు.

పనితీరు ప్రోత్సాహకం మీ బ్యాంకు నిర్వహణ లాభం ఎంత పెరిగిందన్న దాని మీద వస్తుంది. 5 శాతం లోపు పెరిగితే ఏమీ లేదు. 5 నుంచి 10 దాకా 5 రోజులు, 10 నుంచి 15 దాకా 10 రోజులు, ఆపైన 15 రోజుల బేసిక్, డీఏ. పక్క బ్యాంకు వాళ్ళకు 15 రోజులు వచ్చి మీకు 5 రోజులే వచ్చిందంటే మీ బ్రాంచి హెచ్ఆర్ చేసిన తప్పు కాదు.

రిటైరయ్యేటప్పుడు ప్రివిలేజ్ లీవు 255 రోజుల దాకా డబ్బు చేసుకోవచ్చు. ఇదివరకు 240 ఉండేది.

వైద్య బీమాలో చూసుకోవలసింది ఒకటే: పోర్టల్లో మీ కుటుంబ సభ్యుల పేర్లు. పెళ్ళయ్యాక భార్య పేరు, కాన్పయ్యాక బిడ్డ పేరు చేర్చకుండా వదిలేసి, చెన్నై ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడి బ్రాంచికి ఫోన్లు చేసేవాళ్ళు ఉన్నారు. అక్కడికి వెళ్ళాక ఎవరూ ఏమీ చేయలేరు. ఈరోజే తెరిచి చూడండి.

11. తేడా తేలితే

నోటిమాటగా చెప్పకండి. ఒక పేజీలో రాయండి: ఏ నెల, ఏ పద్దు, స్లిప్పులో ఎంత ఉంది, సెటిల్‌మెంటు ఏ క్లాజు ప్రకారం ఎంత ఉండాలి, తేడా ఎంత. కోపం, చరిత్ర, పక్కవాళ్ళతో పోలికలు వద్దు. బ్రాంచి మేనేజరు ద్వారా రీజినల్ ఆఫీసుకు పంపి, ఒక కాపీ మీ సంఘం ప్రతినిధికి ఇవ్వండి. ఎక్కువ తక్కువలన్నీ ఈ దశలోనే సర్దుకుంటాయి. ఎందుకంటే అవతలివైపు కూర్చున్నది కూడా మనలాంటి ఉద్యోగే, లెక్క స్పష్టంగా ఉంటే సరిచేయడం అతనికీ తేలిక.

అతిగా ఇచ్చినట్టు తేలినా చెప్పేయండి. ఏళ్ళ తర్వాత ఆడిట్‌లో బయటపడితే ఒక్కసారిగా రికవరీ పెడతారు, అప్పుడు వాయిదాల కోసం బతిమాలుకోవాలి.

జవాబు రాకపోతే ఆర్టీఐ కింద మీ ఫిట్‌మెంటు షీటు (కొత్త స్కేలులో మిమ్మల్ని ఏ మెట్టు మీద పెట్టారో చూపే కాగితం) అడగొచ్చు, ప్రభుత్వ రంగ బ్యాంకులు ఆ చట్టం కిందికి వస్తాయి. అప్పటికీ తేలకపోతే కార్మిక శాఖ. ఇక్కడ చాలామంది రాష్ట్ర లేబర్ ఆఫీసుకు వెళ్ళి తిరిగొస్తుంటారు. బ్యాంకుల వివాదాలు కేంద్ర ప్రభుత్వ పరిధిలోవి. చీఫ్ లేబర్ కమిషనర్ (సెంట్రల్) కింద పనిచేసే అధికారికి పెట్టుకోవాలి, అదీ సంఘం లెటర్‌హెడ్ మీద పంపితే త్వరగా కదులుతుంది.

రాసిన ప్రతి కాగితానికి కాపీ ఇంట్లో ఉంచుకోండి. స్లిప్పులు కూడా ఏటా మార్చిలో పీడీఎఫ్‌గా దించుకుని దాచండి. రిటైరైన కొన్నాళ్ళకు పోర్టల్ పాస్‌వర్డు పనిచేయడం మానేస్తుంది, బాకీ లెక్కలు మాత్రం అప్పుడే మొదలవుతాయి.